పళ్ళెంలో అడుగు కార్డు

జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన ముగిశాక మా మందిరంలో ఎవరూ ఒకరికొకరు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకోరు. "నీకేమొచ్చింది?" అని అడుగుతారు. అడిగేది వాగ్దానం గురించి. చిన్న చిన్న కార్డుల మీద ఒక్కో బైబిలు వాక్యం రాసి, బోర్లించి, పళ్ళెంలో దొంతరగా పేర్చి తిప్పుతారు. మనసులో ప్రార్థన చేసుకుని లాగితే చేతికి ఏది వస్తే అది ఆ ఏటికి దేవుడు మనతో చెప్పిన మాట. కొందరు దాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తారు, కొందరు ఫోను కవరులో దాచుకుంటారు. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళు మోటారు షెడ్డు తలుపుకి అతికించుకుంటారు.

ఆ కార్డులు రాసేది నేను. పదిహేనేళ్ళుగా నేనే. పక్కనున్న కోట ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్తాను, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అయ్యగారి నమ్మకం. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. అచ్చు కార్డులు నెల్లూరులో కట్టలు కట్టలుగా దొరుకుతాయి. అయినా చేత్తో రాసినదాంట్లో ఏదో ఉంటుందంటారు మావాళ్ళు. ఏముంటుందో నాకు తెలుసు. వేళ్ళ నొప్పి ఉంటుంది.

ఈ పనిలో నేను నేర్చుకున్న కిటుకు ఒకటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు పొద్దున్నే మంచు దట్టంగా పడి స్టీలు పళ్ళెం చెమ్మగిల్లుతుంది. మొదట్లో ఒక ఏడాది అడుగు కార్డు తడిసి, స్కెచ్ పెన్ను ఇంకు అలికేసినట్టయింది. అది వచ్చినావిడ ఏడాది పొడుగునా నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చింది. అప్పటినుంచి అన్నిటికంటే కింద ఏమీ రాయని కార్డొకటి పరిచి, దాని మీద మిగతావి పేరుస్తున్నాను. కార్డులు ఎప్పుడూ జనం కంటే ఎక్కువే ఉంటాయి కనుక అడుగు దాకా ఎవరి చెయ్యీ పోదు. ఆ తెల్ల కార్డు నాతోపాటే ఇంటికొచ్చేస్తుంది.

మా నాయన ముప్పై ఏళ్ళు రొయ్యల గుంటల మీద పనిచేశాడు. మేత చల్లడం, చెక్‌ట్రే పైకి లాగి రొయ్య తిన్నదీ లేనిదీ చూడడం ఆయన పని. మందిరంలో ఎప్పుడూ ఆఖరి వరుసలో, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చుంటాడు. ముందుకు రమ్మంటే రాడు. వాగ్దానం కూడా అందరూ తీసుకున్నాకే తీసుకుంటాడు. "మిగిలిందే నాది. ఆయన ఇయ్యాలనుకున్నది ఎట్టన్నా నాకాడికే వస్తాది" అంటాడు. నిజానికి అది వినయం కాదు, మొండితనం. ఆ మొండితనం నాకూ వచ్చిందని అందరూ అంటారు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో నాయనకు గుండెలో నొప్పి వస్తే నెల్లూరు తీసుకెళ్ళాను. మూడు చోట్ల బ్లాకులున్నాయి, ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేయొద్దన్నాడు డాక్టరు. నాయన ఆయనకు దణ్ణం పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని బయటికొచ్చేశాడు.

"నా దినాలు ఎన్నో నేను పుట్టకముందే లెక్క కట్టినాయన ఉండాడు పాపా. మధ్యలో ఈయనెవరు కొయ్యడానికి?"

ఆ నెలంతా అయ్యగారు ప్రసంగిస్తున్నది కూడా దాని గురించే. లోకమనేదే లేనప్పుడు దేవుడు తనవాళ్ళను ఎంచుకున్నాడు, వాళ్ళ మంచిని చూసి కాదు, ఊరికే, దయ కొద్దీ. అది విని గర్వపడకూడదు, నిశ్చింతగా ఉండాలి, ఎందుకంటే ఆయన పట్టుకున్న చెయ్యి జారదు. వింటున్నంతసేపూ బాగుంటుంది. ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే మొదలవుతుంది నా బాధ. కొందర్ని ఎంచుకున్నాడంటే మిగతావాళ్ళ సంగతేమిటి? అంతా అప్పుడే తేలిపోతే ఇప్పుడీ ప్రార్థనలెందుకు, మాత్రలెందుకు? ఒకసారి ఆగలేక అయ్యగారినే అడిగాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. "బస్సు నెల్లూరు పోతాదని ముందే నిర్ణయమమ్మా. ఎక్కేది ఎక్కంది మన చేతిలో ఉండాది."

"ఎక్కాలనే బుద్ధి ఎవరిచ్చారయ్యగారూ?"

"అదీ ఆయనే ఇస్తాడు."

"మరి ఎక్కనోళ్ళకి?"

ఆయన నా ముందుకు టీ గ్లాసు జరిపి, "పెద్ద పెద్దోళ్ళు దీని కాడ రెండుగా చీలిపోయినారమ్మా. ఎవరు నమ్ముతారో ముందే చూసి ఎంచుకున్నాడని కొందరు, ఎంచుకున్నాడు కాబట్టే నమ్ముతారని కొందరు. టీ తాగు, చల్లారిపోతా ఉండాది" అన్నారు. ఆ నిజాయితీకి ఆయన మీద గౌరవం పెరిగింది కానీ నా చిక్కు మాత్రం వీడలేదు.

నాయనకు ఏ చిక్కూ లేదు. ఆయనకి గుంటలే పాఠం. "ఒకే హేచరీ పిల్ల, ఒకే మేత, ఒకే కాలవ నీళ్ళు. గట్టుకి అవతల గుంట వైట్‌స్పాట్ రోగం వచ్చి తెల్లారేసరికి తేలిపోయింది, ఇవతలది నిలబడింది. ఎందుకయ్యా అంటే ఎవుడు చెప్తాడు?" అనేవాడు. ఆయన స్నేహితుడు, కోటలో దర్జీ షాపున్న భాయ్, పక్కనే ఉండి తలూపేవాడు. నేను చిన్నప్పటినుంచీ ఆయన్ను మామా అంటాను. ఆదివారం నాయనను బండి మీద మందిరం దాకా దింపి, తన షాపుకి పోయేది ఆయనే.

"మాలోనూ అంతే అన్నా. తక్దీరు. గుడ్డ ఆయన ముందే కత్తిరించి పెట్టుంటాడు, కుట్టేది మనం" అన్నాడు మామ ఒకసారి.

"కురచైతే?"

"కురచైతే తిట్లు నాకే గదన్నా పడేది, ఆయనకా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నాయనకు నడిస్తే ఆయాసం వస్తోంది, ఈ ఇద్దరు ముసలాళ్ళకు వేదాంతం కావాల్సొచ్చింది. బతిమాలాను, తిట్టాను, రెండు పూటలు అన్నం మానేశాను. చివరికి నాయన ఒక మెట్టు దిగాడు. "ఒకటో తారీకు వాగ్దానం చూసి చెప్తా. ఆయన పొమ్మంటే పోతా" అన్నాడు.

వాగ్దానాలు రాసేది నేను. పళ్ళెం పట్టేది నేను. ఇక చెప్పేదేముంది?

నీకు ఆయుష్షు పొడిగిస్తాను, నిన్ను బాగుచేస్తాను అనే అర్థమొచ్చే వాక్యం వెతికి, అన్నిటికంటే శ్రద్ధగా రాశాను. ఆ పొద్దున ప్రసంగం జరుగుతుంటే తలలు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా అన్నే కార్డులు పళ్ళెంలో పేర్చి, అన్నిటికంటే కింద నాయన కార్డు పెట్టాను. దాని కింద అలవాటు ప్రకారం తెల్ల కార్డు. మిగిలిన కార్డుల సంచీ ముందున్న బల్ల మీదే వదిలేశాను. ఇంక తప్పేదే లేదనుకున్నాను. దేవుడి పని దేవుడికంటే జాగ్రత్తగా చేశానని కొంచెం గర్వం కూడా కలిగింది, దాచుకోవడమెందుకు.

నాకు తెలియనిది ఒకటే. నాయనను దింపిన మామ ఆ రోజు షాపుకి పోలేదు. మెట్లెక్కేటప్పుడు నాయన రొప్పడం చూసి, వదిలి పోలేక గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆఖరి ప్రార్థనకు అందరం కళ్ళు మూసుకున్నప్పుడు లోపలికొచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. నేను పళ్ళెంతో ఆఖరి వరుసకు వచ్చేసరికి ఒక్క కార్డుంది, ఇద్దరు మనుషులున్నారు.

"ముందు భాయ్‌కి ఇయ్యి పాపా. ఇంటికొచ్చిన మనిషి" అన్నాడు నాయన.

మామ మొహమాటంగా నవ్వి, కుడిచేత్తో కార్డు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. పళ్ళెంలో ఇంకో కార్డు కనబడింది. నాయన కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, దాన్ని తీసుకున్నాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు. రెండు వైపులా తెలుపే.

అది ఊరికే అడుగున పరిచిందని అప్పుడే చెప్పెయ్యొచ్చు. మందిరమంతా నా వైపే చూస్తున్నట్టనిపించి చెప్పలేకపోయాను. బయట ఆవరణలో అందరూ "నీకేమొచ్చింది? నీకేమొచ్చింది?" అని తిరుగుతుంటే నాయన తెల్ల కార్డు చూపించాడు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకాయన, ఎవరో పెద్ద జ్ఞానిలాగా, "దేవుడు మౌనంగా ఉండాడంటే దానికో అర్థముంటాది" అన్నాడు. ఆయన్ను అక్కడే కొట్టాలనిపించింది.

మూడు రోజులు నాయన సరిగ్గా తినలేదు. ఆపరేషన్ మాట ఎత్తితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎంత నసపెట్టినా కోపం తెచ్చుకోలేదు, అదే నన్ను భయపెట్టింది. మూడో రోజు సాయంత్రం నోరు విప్పాడు.

"ఇన్నేళ్ళు మందిరానికి పోయినా. ఆఖరి వరుసలో కూర్చున్నా పిలుస్తాడులే అనుకున్నా. రాసుకుంటా పోయినాయన నా కాడికొచ్చేసరికి దాటేసినాడు పాపా. నేను ఆయన ఎంచుకున్నోళ్ళలో లేను. లేనోడికి కోతెందుకు, కుట్టెందుకు?"

పళ్ళెం చెమ్మ కోసం పరిచిన అట్టముక్క ఈ మనిషిని నరకం దాకా నడిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు, తన కార్డు పట్టుకుని. "అన్నా, ఇది నాది కాదు. ఇందులో ఆయుష్షని, బాగుచేస్తానని రాసుండాది. నాకు షుగరు తప్ప రోగమేముంది?" అని నాయన చేతిలో పెట్టాడు. పెట్టి నా మొహం చూశాడు. ముప్పై ఏళ్ళుగా మనుషుల కొలతలు తీసుకుంటున్నవాడు ఆయన. ఏమీ అడక్కుండా, నమాజు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఇక దాచలేకపోయాను. నాయన మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. తలలు లెక్కపెట్టిందీ, కార్డు కింద పెట్టిందీ, మామ రావడంతో లెక్క తప్పిందీ, తెల్ల కార్డు ఏళ్ళ తరబడి అడుగున పరుస్తున్నదీ. నాయన తిడతాడనుకున్నాను. మామ ఇచ్చిన కార్డు దిండు కింద పెట్టాడు. తరువాత లేచి కూర్చుని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"మీ అమ్మ కార్డు కూడా నువ్వు పెట్టిందేనా?"

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. అంతకు నాలుగేళ్ళ ముందు అమ్మకు కడుపులో క్యాన్సరు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్న తరువాత వచ్చిన జనవరి అది. కుర్చీలో కూర్చోబెట్టి మందిరానికి మోసుకెళ్ళాం. అమ్మ తీసిన కార్డు మీద, నీకోసం నా ఇంట్లో చోటు సిద్ధంగా ఉంది, భయపడకు అనే అర్థమిచ్చే మాటలున్నాయి. అమ్మ అది చదువుకుని నవ్వింది. ఆ తరువాత బతికిన ఏడు వారాలూ ఆమె దేనికీ భయపడలేదు. నాయన ఆ కార్డుకి ఫ్రేము కట్టించి అమ్మ ఫోటో కింద తగిలించాడు. ఆమెను దేవుడు ముందే ఎంచుకున్నాడు, పేరు పెట్టి పిలిచాడు, అందుకు రుజువు అదిగో అంటాడు ఎవరొచ్చినా. భార్య పోయిన మనిషి పిచ్చిపట్టకుండా లేచి తిరిగాడంటే ఆ అట్టముక్క వల్లే.

దాన్ని పెట్టింది నేనే.

కావాలనే పెట్టాను. ఏ దీర్ఘాయుష్షు వాక్యమో వస్తే అమ్మ దాన్ని పట్టుకుని వేలాడి, ఒక్కో రోజూ మోసపోతూ చచ్చిపోతుందని భయమేసింది. దొంతరలోంచి ఆ కార్డు కొస కొంచెం బయటికి జరిపి, అది ఆమె వేళ్ళ వైపుండేలా పళ్ళెం పట్టుకున్నాను. అమ్మ అదే లాగింది. ఈ సంగతి అయ్యగారికి తెలియదు, ఎవరికీ తెలియదు. అమ్మ మొహంలో ఆ నెమ్మది చూశాక, ఇది నేను చేసిందా, నా చేత చేయించిందా అని నాకే అర్థం కాకుండా పోయింది. నా వేలిని కూడా దేవుడే జరిపాడనుకుంటే, నాయన ముందు తెల్ల కార్డు పెట్టిందెవరు? అదీ ఆయనే అయితే, ఎందుకు? ఆయన కాకపోతే, అమ్మ కార్డు ఎవరిది? ఒకదానికి ఔనని, రెండోదానికి కాదనడానికి నాకు హక్కెక్కడిది?

ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. నాయన నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు, గుండెనొప్పి వచ్చిన రోజున కూడా.

"లేదు నాయనా. అమ్మది దానంతటదే వచ్చింది" అన్నాను.

"ప్రమాణంగా?"

మాలో ప్రమాణాలు చేయకూడదు. ఆ సంగతి నాయనకూ తెలుసు. అయినా అడిగాడు. అయినా చేశాను.

నాయన కళ్ళు మూసుకున్నాడు. "అయితే సరే. ఆమెకి చెప్పినాయన నన్నొదిలేస్తాడా? నీ తెల్ల కార్డు నీ తెలివితక్కువతనం, అంతే. రేపు భాయ్‌ని బండి తెమ్మను, నెల్లూరు పోదాం" అన్నాడు. లేచి, ఉన్న చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు.

బండి మీద కాదులే, ఆటోలో తీసుకెళ్ళాం. ఆపరేషనుకి లోపలికి తోసుకెళ్ళేముందు నర్సును ఆగమని, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అడిగాడు. "మీ అమ్మది నువ్వు పెట్టలేదు గదా?" లేదన్నాను. "చాలు" అని చెయ్యి వదిలాడు. తలుపు మూసుకున్నాక నేను ఆరు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. పక్కన మామ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ దువా చేస్తున్నాడు. నాకు ప్రార్థన కూడా రాలేదు. నాయన బతికితే నా అబద్ధం మీద బతికినట్టు, చస్తే నా అబద్ధం మీద చచ్చినట్టు. అంతా ముందే నిర్ణయమైపోయిందని అనుకుంటే గుండె తేలికపడుతుందేమోనని అనుకుని చూశాను. పడలేదు. ప్రమాణం చేసిన నోరు నాదే కదా.

నాయన బతికాడు. నెల తిరక్కుండానే గుంటల గట్ల మీద నడక మొదలుపెట్టాడు. కూలీలకు మేత ఎలా చల్లాలో చెప్పి విసిగించడం కూడా మొదలుపెట్టాడు.

నిరుడు జనవరి ఒకటిన అయ్యగారు, ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగారు. దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. ఆఖరి వరుసలోంచి నాయన లేచాడు. ఆయన ముందుకు నడిచి మైకు పట్టుకోవడం నా ఎరుకలో అదే మొదలు. నేను బల్ల పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

నాయన ఏదీ దాచలేదు. నేను తలలు లెక్కపెట్టింది చెప్పాడు, తెల్ల కార్డు చెప్పాడు. "నా కూతురు దేవుడికే అసిస్టెంటుగా చేరింది" అంటే మందిరమంతా పగలబడి నవ్వింది. గుమ్మం దగ్గర మామ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గుతో. నవ్వులు తగ్గాక నాయన గొంతు మారింది.

"నా కార్డులో మనిషి చెయ్యి ఉండాది, ఒప్పుకుంటా. అందుకే దేవుడు దాన్ని దారి మళ్ళించినాడు. మా ఇంటామె కార్డులో మాత్రం మనిషి చెయ్యి లేదు. ఆమెను లోకం పుట్టకముందే ఎంచుకున్నాడు, దానికి అదే రుజువు. నేను కత్తి కిందికి పోయింది ఆ ధైర్యంతోనే. ఆమె యాడుందో నాకు తెలుసు, నేను యాడికి పోతానో తెలుసు." ఆగి, నా వైపు తిరిగాడు. "ఏం పాపా, అంతే గదా?"

మందిరంలో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. పళ్ళెం రెండు చేతులతో పట్టుకున్నాను. అడుగున తెల్ల కార్డు మానేసి ఆ ఏడాది పాత గుడ్డ పరిచాను, అది తడిగా నా వేళ్ళకు తగులుతోంది.

"అంతే నాయనా" అన్నాను.

అందరూ గట్టిగా స్తోత్రం అన్నారు.